ఇసుక తోసే గేరు బండి

మొన్న శుక్రవారం పొద్దున అల్ ఘర్రాఫాలో మా ఫ్లాట్ వంటగదిలో దోసెల పిండి పులిసిందో లేదో మూత తీసి చూస్తుండగా, నేను ఒకప్పుడు రోజూ బడికి దింపి తీసుకొచ్చిన అమ్మాయి దగ్గర్నుంచి ఫోనులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ ఆవిడకిప్పుడు ఇద్దరు పిల్లలు, మంచు మోకాలి లోతున పడే ఒక చలిదేశంలో కాపురం. నేను హౌస్ డ్రైవరుగా పనిచేసిన ఖతరీ ఇంటి కూతురు. చిన్నప్పుడు నాతో మాట్లాడిన ఆ అరబ్బీ, హిందీ కలగలిపిన భాషలోనే ఆవిడ చెప్పిందేమంటే, ఇంటిముందు పేరుకుపోయే మంచును తోసుకోవడానికి ఒక పికప్ కొని ముందు బ్లేడు బిగించుకోవాలనుకుంటోందట, అప్పట్లో వాళ్ళ మజ్రాలో, అంటే వాళ్ళ తోటలో, ఇసుక తోసే బండిని ఎంచింది నేనే కనుక ఏది కొనాలో కూడా నేనే చెప్పాలట. జీవితంలో మంచును ఫ్రిజ్జులో తప్ప చూడనివాణ్ణి మంచు విషయంలో సలహా అడగడం నాకు గౌరవంగానే అనిపించింది, మెసేజ్ చివరికి వచ్చేదాకా. గేరు బండే గట్టిదని నువ్వు చెప్పిన మాట నాన్న ఇప్పటికీ అంటుంటాడు, ఇక్కడ గేరు బండి దొరకడం కష్టమే అయినా దానికోసమే వెతుకుతున్నాను, అంది. ఆ తర్వాత, కాకా ఎలా ఉన్నాడు అని అడిగింది.

పిండి మీద మూత పెట్టేసి కూర్చున్నాను. ఇరవై ఏళ్ళు దాటిన నా అబద్ధం ఒకటి ఇంత ఆరోగ్యంగా తిరుగుతోందని నాకు తెలియదు.

ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చిన మన తరం వాళ్ళకు కొన్ని సంగతులు విడమరచి చెప్పక్కర్లేదు. గీకి నంబరు చూసుకునే ఫోను కార్డులు, ఊరికి మాటలు రికార్డు చేసి పంపే క్యాసెట్లు, ఆ క్యాసెట్టులో మన గొంతు వెనక ఎవరిదో ప్రెషర్ కుక్కర్ ఈల. మాది రాయచోటి వైపు. బి.కాం. సెకండ్ క్లాసులో పాసయ్యాక దేశం నా కోసం ఎదురుచూస్తుందనుకున్నాను, అది ఆ పని చేయకపోవడంతో ఖతర్ వచ్చి మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాలో డ్రైవరునయ్యాను. లైసెన్సు తీసుకునేటప్పుడు గేర్లతో తీసుకోవాలా, ఆటోమేటిక్ తీసుకోవాలా అని అడిగితే, తొందరగా అయిపోయేది ఏదో అదే అన్నాను. ఆటోమేటిక్ లైసెన్సు చేతికొచ్చింది. ఆ లైసెన్సుతో గేరు బండి ముట్టుకోకూడదు. ఆ సంగతి అప్పట్లో చిన్న లోపంగానే అనిపించింది. అది ఎంత ఉపయోగపడుతుందో తర్వాత తెలిసింది.

ఇంటి యజమానిని మేమంతా బాబా అనేవాళ్ళం. నెమ్మదస్తుడు, నా చదువు మీద నాకంటే ఎక్కువ గౌరవం ఉన్నవాడు. ఆయనకు బిర్కత్ అల్ అవామిర్ దాటి దక్షిణాన ఇసుక దిబ్బల దగ్గర మజ్రా ఉండేది, ఖర్జూరపు చెట్లు, మేకలు, ఒక చిన్న ఇల్లు. ఉత్తరపు గాలి రెండు రోజులు వీచిందంటే గేటు సగానికి ఇసుకలో కూరుకుపోయేది, రోడ్డు నుంచి గేటు దాకా ఉన్న బాట కనిపించకుండా పోయేది. దాన్నంతా పారతో ఎత్తిపోసేవాడు కాక.

మా వైపు అయితే చిన్నాయన అంటాం. జగిత్యాల దగ్గరి ఊరు నుంచి వచ్చిన ఆయన, గట్లంటే నేనెవ్వనికో చిన్నాయన లెక్క ఉంటది, కాక అనుమని చెప్పాడు. ఆ ఇంటి పిల్లలు అదే ఆయన పేరనుకుని కాకా అనేవాళ్ళు. ముందు బిల్డింగు పనిలో ఉండేవాడు, అక్కడ చెక్క మీంచి జారి ఎడమ మోకాలు దెబ్బ తింది. ఊళ్ళో ట్రాక్టరు నడిపినవాడు కావడంతో గేర్ల లైసెన్సు ఉండేది. ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే, పెద్ద కోరిక కూడా కాదు. బోరు వేయించాడు, ఇక రెండేళ్ళు ఇక్కడ ఉండి, ఊరికి పోయి తన పొలంలో బురదలో తనే దిగి దున్నుకోవాలి. నేను వారానికోసారి సరుకులు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు రొట్టె కాలుస్తూ చెప్పేవాడు. "గీ కాలొక్కటి మంచిగుంటె సాలురా కొడుకా. మిగిలిందంత నేను జూస్కుంట."

ఒక వేసవిలో గాలి మరీ ఎక్కువై, పారతో అయ్యే పని కాదని, పాత పికప్ ఒకటి కొని ముందు ఇనుప బ్లేడు వెల్డింగ్ చేయిద్దామని బాబా అన్నాడు. ఎంచే పని, చదువుకున్నవాణ్ణి కనుక, నాకు అప్పజెప్పాడు. ముగ్గురం కలిసి పాత బండ్లు అమ్మే యార్డుకు బయల్దేరాం. నేను నడుపుతున్నాను, కాక వెనక కూర్చున్నాడు. దారిలో బాబా మామూలుగా, ఎండ గురించి మాట్లాడినట్టు, ఆటోమేటిక్ దొరికితే ఇంకా మంచిది, గాలి ఎక్కువున్న వారాల్లో నువ్వూ రెండు మూడు రోజులు వెళ్ళి కాకాకి సాయం చేయొచ్చు, అన్నాడు.

నేను చల్లని కారులో, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాను. మజ్రాలో కాక ఉండే రేకుల గది నా కళ్ళముందుకొచ్చింది. అప్పటికి యార్డు ఇంకా పది నిమిషాల దూరంలో ఉంది, నా నిర్ణయం మాత్రం అయిపోయింది.

యార్డులో మాకు పనికొచ్చేవి రెండే ఉన్నాయి. ఒకటి తెల్లది, ఆటోమేటిక్. ఇంకొకటి ఇసుకరంగుది, గేర్లది. రెండూ ఒకే వయసువి, ధరలో కూడా పెద్ద తేడా లేదు. కాక రెండింట్లోనూ ఎక్కి కూర్చుని దిగాడు. తెల్లదాని తలుపు మీద చెయ్యి తీయకుండా నన్ను పక్కకు పిలిచి, "కొడుకా, గేర్లు లేనిదైతె జెర మంచిదిరా. ఇసుక దొబ్బుడంటె ముందట్కి ఎన్కకు, ముందట్కి ఎన్కకు. పొద్దంత క్లచ్చు తొక్కాలె. నా మోకాలు గుంజుతది. బాబాకు నువ్వు జెప్పు," అన్నాడు. బాబాతో ఆయనే చెప్పుకోవచ్చు, కానీ ఆయనకు అరబ్బీలో యల్లా అంటే పద, మాఫీ ముష్కిల్ అంటే ఇబ్బందేం లేదు, ఈ రెండు ముక్కలు తప్ప పెద్దగా వచ్చేది కాదు. బాబాకూ ఆయనకూ మధ్య దుబాసీని నేనే.

నేను బాబా దగ్గరికి వెళ్ళి ఉపన్యాసం ఇచ్చాను. ఇసుక బరువుకు ఆటోమేటిక్ గేరుబాక్సు వేడెక్కి చెడిపోతుందన్నాను, గేరు బండి గట్టిది, అదుపులో ఉంటుంది అన్నాను. అందులో కొంత నిజం కూడా ఉంది, పూర్తిగా అబద్ధమైతే నాకే నమ్మబుద్ధి అయ్యేది కాదు. కాకా ఏమంటున్నాడని బాబా అడిగాడు. ఏదైనా పర్వాలేదంటున్నాడని చెప్పాను. తర్వాత కాక వైపు తిరిగి, ఆ తెల్లదాంట్లో ఏదో లోపముందట కాకా, అన్నాను. ఆయన తలుపు మీంచి చెయ్యి తీశాడు. "సదువుకున్నోనివి. నువ్వు జూసినవంటె అయిపాయె," అన్నాడు.

బండి బాగానే పనిచేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. ముందు బ్లేడు బరువుకు వెనక చక్రాలు తేలిపోకుండా వెనక తొట్టిలో ఇసుక బస్తాలు వేసేవాళ్ళం. ఇసుకను తోయడానికి ఇసుకనే మోసుకెళ్తున్న బండి అది. ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించి, బాట పొడవునా కాస్త ముందుకు, కాస్త వెనక్కు. ఒక్కోసారి సరుకులు దించి నీడలో నిలబడి చూసేవాణ్ణి. రెండో ఏటికి కాక కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని, ఎడమ చేత్తో తన మోకాలిని కిందికి నొక్కి క్లచ్ తొక్కుతున్నాడు. కాలు చేయాల్సిన పని చెయ్యి చేస్తోంది. ఇక్కడి బండ్లలో గేరు కుడిచేతి వైపు, అది మార్చాల్సి వచ్చినప్పుడు స్టీరింగును గాలికి వదిలేసేవాడు. అది చూసిన రోజు నేను నొప్పుల తైలం సీసా ఒకటి కొనిచ్చాను. ఆయన చాలా సంతోషించాడు. అందరితో, రాయచోటి పిలగాడు తెచ్చిండు అని చెప్పుకున్నాడు.

మధ్యలో కాక సెలవు మీద ఊరికి పోయినప్పుడు, మజ్రాకి నువ్వు వెళ్తావా అని బాబా అడిగాడు. నాది ఆటోమేటిక్ లైసెన్సు బాబా, అన్నాను, ఎంతో బాధపడుతున్న ముఖంతో. ఆ నెలంతా ఆ ముసలాయన తనే వెళ్ళి ఇసుక తోసుకున్నాడు. నేను కారు తుడిచాను, రోజుకు రెండుసార్లు.

రెండేళ్ళు అనుకున్న కాక మూడేళ్ళున్నాడు. వెళ్ళిపోయే రోజు ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్ళాను. కారు దిగడానికి ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి బయట పెట్టుకున్నాడు. ట్రాలీ మీద దుప్పట్ల మూట సర్దుకున్నాక, జేబులోంచి పికప్ తాళం తీసి నా చేతిలో పెట్టి, "గేర్లు నేర్సుకోరా. నా ఎన్క వచ్చెటోడు ఎవ్వడో, వాని మోకాలు ఎట్లుంటదో," అన్నాడు. కోపంగా అనలేదు. అన్నం తిని పో అన్నట్టే అన్నాడు.

నేర్చుకున్నాను. మూడోసారికి పరీక్ష పాసయ్యాను. ఈలోగా కాక స్థానంలో వచ్చినవాడు ఆ బండి నా వల్ల కాదని మొదటి వారమే చెప్పేయడంతో, బాబా దాన్ని అమ్మేసి ఆటోమేటిక్ కొన్నాడు. ఆ ఆటోమేటిక్ ఒక్కసారి కూడా వేడెక్కలేదు. అంత తేలిక, ఒక మనిషి నోరు తెరిచి చెప్పడం. గేర్ల లైసెన్సు ఇప్పటికీ నా పర్సులో ఉంది, దానితో ఒక్క బండీ నడపలేదు.

ఇదంతా ఆ అమ్మాయికి మెసేజ్‌లో చెప్పాను. ఆటోమేటిక్కే తీసుకోమని, అప్పుడు నేను చెప్పింది తప్పని, ఎందుకు తప్పు చెప్పానో కూడా. దానికి ముందు, బండి ఎవరు నడుపుతారని అడిగాను. నేనే, ఇక్కడ ఎవరింటి మంచు వాళ్ళే తోసుకుంటారు, అంది. యార్డులో మొట్టమొదట ఎవరైనా అడగవలసిన ప్రశ్న అది. అప్పుడు అడగలేదంటే జవాబు తెలియక కాదు. నా కథ విన్నాక ఒక్క వాక్యం వచ్చింది. ఇది కాకాకి చెప్పావా?

చెప్పలేదు. ఏడాదికోసారి పండగకు ఫోన్ చేసి పంటలు, వానలు మాట్లాడుకునేవాళ్ళం. పొలం కౌలుకిచ్చాడని, పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చోలేక కుర్చీ అడుగుతాడని విన్నాను, విని మాట మార్చాను. ఆ మధ్యాహ్నం ఫోన్ చేస్తే వాళ్ళావిడ ఎత్తి, "దుబాయ్‌ల కెల్లి ఫోను, నీ రాయచోటాయన," అని లోపలికి కేకేసింది, ఆవిడకు గల్ఫంతా దుబాయే. ఆయన ఫోను దగ్గరికి రావడానికి పట్టిన సమయం, ఆ మధ్యలో వినిపించిన కర్ర చప్పుడు, నేను మరిచిపోదామనుకున్నా కుదరదు.

"కాకా, ఆ గేరు బండి గురించి ఒక మాట," అన్నాను.

"గా బండికేమయింది, మంచి బండి. ఒక్కనాడు ఇసుకల దిగవడలె."

"బండి గురించి కాదు. తెల్లదాంట్లో ఏ లోపమూ లేదు. ఆటోమేటిక్ కొంటే నన్ను కూడా మజ్రాకి పంపిస్తారని..."

"ఎర్కేరా కొడుకా. నువ్వు మాట్లాడుతుంటె నీ మొకం జూసిన గద," అన్నాడు. "గప్పుడు నాకు నీ మీద కోపమే అచ్చింది. మస్తు అచ్చింది," అన్నాడు. ఆ వెంటనే, అక్కడ ఎండలెట్లున్నయని అడిగాడు.

ఎండలు అలాగే ఉన్నాయి, మిగతావే మారాయి. మజ్రా దాకా తారు రోడ్డు పడింది, గాలికి అడ్డంగా గోడ లేచింది, ఇసుక తోయడానికి ఫోన్ చేస్తే పెద్ద యంత్రమే వస్తుంది. ఈ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళ కార్లలో ఎడమ కాలికి పనే లేదు. ఇప్పటి డ్రైవరు కుర్రాళ్ళకు క్లచ్ అంటే ఏమిటో బొమ్మ గీసి చెప్పాలి, వాళ్ళ కాళ్ళ విషయంలో నాకు సంతోషమే. పోయిన నెల, ఇప్పుడు నేను పనిచేసే కంపెనీ వైద్య పరీక్షల్లో నా కాళ్ళు వంచి చూసిన డాక్టరమ్మ, ఈ వయసులో ఎడమ మోకాలు ఇంత బాగా ఎలా కాపాడుకున్నారని మెచ్చుకుంది. నడక, అని చెప్పాను.