బిళ్లను చూపించిన హెలెన్ గారు

ఈ హెడ్‌సెట్ చెవులకు పెట్టుకున్న ప్రతిసారీ నీలగిరి తైలం వాసన వస్తుంది. మెత్తలు చిరిగితే రెండుసార్లు కొత్తవి వేయించాను. అయినా ఆ వాసన పోలేదు. మొన్న ఆదివారం మధ్యాహ్నం దీన్ని పెట్టుకుని కామెంటరీ గదిలో కూర్చున్నాను. కింద ఆటగాళ్లు మంచు మీద ఒళ్లు వేడెక్కించుకుంటున్నారు. స్కేట్ల అంచులు మంచును కోసే చప్పుడు, ఎవరో పక్కగదిలో కొబ్బరి కోరుతున్నట్టు, మైకుల్లోంచి నా చెవుల్లోకి వచ్చింది. ఐస్ హాకీకి తెలుగులో వ్యాఖ్యానం చెబుతానంటే ఎవరైనా ముందు నవ్వుతారు. నవ్వని మనిషి హెలెన్ గారొక్కరే. ఆవిడ ప్రభువునందు నిద్రించి మొన్నటి చలికాలానికి ఏడాది అయింది.

మిషిగన్‌లోని ట్రాయ్‌లో మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ చర్చిని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటాం. ఉదయం వాళ్ల ఆరాధన, తర్వాత మాది. ఆ చర్చి తాళాలు హెలెన్ గారి దగ్గర ఉండేవి. డెబ్బై దాటిన పొడగరి మనిషి, మెడలో ఎప్పుడూ ఊలు మఫ్లర్. మా ఆరాధన ముగిసేదాకా చివరి బెంచీలో కూర్చుని, దగ్గు రాకుండా నీలగిరి వాసన వచ్చే చాక్లెట్ చప్పరిస్తూ, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునేవారు. ఏదో ప్రసంగం వింటున్నారనుకున్నాను. ఆవిడ వినేది హాకీ ఆట.

వారమంతా నేను ఒక కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. ఆదివారం మాత్రం నాది తర్జుమా పని. ఇంగ్లీషులో బోధించే అతిథులు వస్తే, పక్కన నిలబడి వాక్యం వాక్యం తెలుగులో చెప్పాలి. చీరాల ఉజ్జీవ కూటాల్లో మా నాన్నగారు చేసిన పని అది. "బోధకుడి మాట పూర్తయ్యేదాకా నువ్వు నోరు తెరవకూడదమ్మా, దేవుని మాటను మధ్యలో తుంచకూడదు" అని నేర్పారు. అదే నా క్రమశిక్షణ. అలాంటి ఒక ఆదివారం అందరూ కార్లెక్కుతుండగా హెలెన్ గారు తాళాలు ఆడిస్తూ నా దగ్గరికి వచ్చారు.

"నీ గొంతు బాగుంది. కానీ ఎప్పుడూ ఒక వాక్యం వెనకే ఉంటావు" అన్నారు.

"తర్జుమా అంటే అంతే కదండీ" అన్నాను.

"ప్రసంగానికి పర్వాలేదు, దేవుడు ఎక్కడికీ పారిపోడు. అదే హాకీ అయితే ఈపాటికి రెండు గోల్స్ పడిపోయి ఉండేవి."

అలా మొదలైంది మా స్నేహం. ఇరవై ఏళ్ల వయసులో ఆవిడ ఒక టీవీ నెట్‌వర్క్ ట్రక్కులో కాఫీలు అందించే పనికి చేరారట. మైదానం వెనక నిలిపే ఆ ట్రక్కులోనే, తెరలన్నీ చూస్తూ, ఏ కెమెరా బొమ్మ ఇళ్లకు వెళ్లాలో తేలుస్తారు. కొన్నాళ్లకు ఆవిడ పక్ ఎవరి కర్ర దగ్గరుందో వ్యాఖ్యాతకు క్షణక్షణం చూపించే పనిలోకి వచ్చారు. పక్ అంటే అరచేతిలో పట్టే నల్లటి రబ్బరు ముక్క. అప్పటి చిన్న టీవీల్లో అది పంచదార మీద చీమలా ఉండేది. ఆ చీమ కనబడటం లేదనే జనం చూడలేదు, జనం చూడలేదనే నెట్‌వర్క్ ఆటను వదిలేసింది. ఏళ్ల తరబడి దేశమంతా చూసే ఛానళ్లలో హాకీ దాదాపు లేదు. తర్వాత ఇంకో నెట్‌వర్క్ తీసుకుని, పక్ చుట్టూ కంప్యూటర్‌తో నీలం వెలుగు వేసింది. గట్టిగా కొడితే వెనక ఎర్రటి తోక. పాత అభిమానులు ఎగతాళి చేశారు. ఆ నెట్‌వర్క్ కూడా వదిలేసింది. మళ్లీ ఇంకొకరు. ఒకసారి ఆట సమమై, తేల్చడానికి అదనపు సమయం ఇచ్చే ఓవర్‌టైమ్‌లోకి వెళ్తుంటే చాలా ఊళ్లలో ప్రసారం ఆపి గుర్రప్పందేల ముందు కబుర్లకు మారారట. "ఆ రోజు చర్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను" అన్నారు హెలెన్ గారు. కొత్త సంవత్సరం రోజున, ఆరుబయట, కురిసే మంచులో ఆడిన ఆటను దేశం కళ్లప్పగించి చూసిన నాటి సంగతి చెప్పేటప్పుడు మాత్రం, చెరనుంచి తిరిగొచ్చిన ప్రజల గురించి చెప్పే బోధకుడిలా ఆవిడ ముఖం వెలిగేది.

"బతుకంతా జనానికి పక్ చూపించాలని తంటాలు పడ్డాను. ఇప్పుడు టీవీలు గోడంత ఉన్నాయి. అందరికీ కనబడుతోంది, నాకు తప్ప" అన్నారొకసారి. ఆవిడ చూపు మధ్యలోంచి చెరిగిపోతోంది. టీవీ వ్యాఖ్యాతలేమో బొమ్మ చూసేవాళ్ల కోసం మాట్లాడతారు. "ఆదివారం ఆట నాకు చూపించే మనిషి కావాలి. నువ్వు చేస్తావా?"

మా ఆరాధన అయ్యాక చర్చి హాల్లో టీవీ పెట్టుకుని మొదలుపెట్టాం. మొదటి రోజు నేను చేసిన తప్పు ఏ క్రీడాభిమానీ చేయడు. ఆటలో ఒక ఘట్టం పూర్తయ్యేదాకా వినయంగా ఆగి, అప్పుడు చెప్పాను.

"జనం అరుస్తున్నారు, ఏమైంది?"

"గోల్ అయిందండీ."

"ఎప్పుడు?"

"ఇందాకే."

"అమ్మాయ్, నేను పేపర్ చదివించుకోవడానికి రాలేదు."

నాలుగు వారాలు అదే వరస. చివరికి ఆవిడే అన్నారు, "తెలుగులో చెప్పు. ఇంగ్లీషులో చెబితే నీ తలలో మళ్లీ తర్జుమా నడుస్తోంది."

"మీకు అర్థం కాదు కదండీ."

"పక్ ఎటు పోతోందో నీ గొంతులో తెలిస్తే నాకు చాలు."

తెలుగులో మొదలుపెట్టగానే పక్ నా నోట్లో బిళ్ల అయిపోయింది. చీరాల చర్చి కాంపౌండులో మేం ఆడిన కర్రా బిళ్ల గుర్తొచ్చింది. బిళ్ల గాల్లో ఉండగా ఆగి వాక్యం కూర్చుకునే పిల్ల ఎక్కడుంది? "బిళ్ల ఎడమకి, ఎడమకి, కొట్టాడు, గోల్‌కీపర్ ఆపాడు!" అని అరిచాను. హెలెన్ గారు నా భుజం మీద వేలితో తట్టారు. ట్రక్కులో సరైన బొమ్మ పడితే అలా తట్టేవారట.

ఆ అరుపుకి మా పాస్టర్ అయ్యగారు తలుపు తీశారు. "ఏంటి సిస్టర్, ఇప్పుడేగా దీవెన ప్రార్థన చేశాను, అప్పుడే ఈ కేకలేంటమ్మా?"

"హెలెన్ గారికి కనబడదండి అయ్యగారూ. ఆట చెబుతున్నాను."

ఆయన కాసేపు తెరవైపు చూశారు. "గుడ్డివారికి చూపునిచ్చే పరిచర్య అన్నమాట. కానివ్వండి. తలుపేసుకోండి." వెళ్లబోయి ఆగారు. "ఎవరు గెలుస్తున్నారు?"

ఆవిడ నాకు నేర్పిన రెండో పాఠం మౌనం. గోల్ పడ్డాక నేను ఆనందంలో వాగుతుంటే చేయి పట్టుకుని ఆపారు. "జనం అరిచేటప్పుడు నోరు మూసుకో. అది వాళ్ల ఆమేన్."

ఏడు నెలలు గడిచాయి. ఒక ముఖ్యమైన ఆటకు ఆన్‌లైన్‌లో కొన్ని భారతీయ భాషల వ్యాఖ్యానం పెట్టి చూద్దామనుకుంది ఒక నెట్‌వర్క్. హెలెన్ గారి దగ్గర ఒకప్పుడు పని నేర్చుకున్నామె అక్కడ పెద్ద ఉద్యోగంలో ఉంది. నా పేరు వెళ్లింది.

"నేను ఆలస్యం చేస్తే మీ పరువు పోతుందండీ" అన్నాను.

"కనబడటం లేదని ఈ ఆటను ఎన్నిసార్లు వదిలేశారో చెప్పానుగా. నువ్వు చూపించు" అని తన పాత హెడ్‌సెట్ నా చేతిలో పెట్టారు. ఆ వారం ఆవిడకు వెలుగుకీ చీకటికీ తేడా మాత్రమే తెలుస్తోంది.

ఆ ఆదివారం ఆరాధన త్వరగా ముగించి సంఘమంతా హాల్లో టీవీ ముందు కూర్చుందని మా ఆయన తర్వాత చెప్పాడు. హెలెన్ గారు ముందు వరసలో ఉన్నారు. ఆట సమమై ఓవర్‌టైమ్‌లోకి వెళ్లింది. ఇక ముందు గోల్ కొట్టినవాడిదే గెలుపు. ప్రార్థించాను, అదీ ఒక్క ముక్కే: ప్రభువా, వెనకబడనివ్వకు. అప్పుడు బిళ్ల కుడి మూలలో ఒక ఆటగాడికి దొరికింది. "కుడి నుంచి, కుడి నుంచి వస్తున్నాడు, పైకి లేపాడు, పడింది!" అన్నాను. అంతే. నోరు మూసుకున్నాను. వేలమంది ఆమేన్ నా చెవుల్లో హోరెత్తింది. దాన్ని ఒక్క మాటతోనూ తుంచలేదు.

హాల్లో మావాళ్లు "పడిందా? ఎక్కడ పడింది?" అని తెరంతా వెతుక్కుంటున్నారట. అప్పటికే హెలెన్ గారు రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నారట.

బయటికి రాగానే ఫోన్ చేశాను. "కుడి పక్కనుంచి, పైన. అవునా?" అన్నారు.

"అవునండీ."

"చూశాను" అన్నారు హెలెన్ గారు.

నా తెలుగు వ్యాఖ్యానానికి ఇది మూడో ఏడు. తర్జుమా కూడా మానలేదు. పోయిన నెల వచ్చిన అతిథి బోధకుడు వాక్యం ముగించేలోపే నేను సగం చెప్పేసేసరికి ఆయన ఉలిక్కిపడి నావైపు చూశారు. నాన్నగారు ఉంటే మందలించేవారే. కానీ సంఘం ఒక్క గొంతుతో ఆమేన్ అన్నప్పుడు మాత్రం ఆగాను, ఆ శబ్దమంతా అయిపోయేదాకా. భుజం మీద వేలు తట్టినట్టే అనిపించింది.