సాలు కొస దాకా

ఉరవకొండ బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, నా మొదటి గేమ్‌లో ఎద్దు తెర ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి తిరిగొచ్చేలా స్క్రిప్టు రాస్తున్నాను. వెళ్లిన ఎద్దు మళ్లకుండా వెనక్కే నడిచొస్తోంది.

పక్క సీట్లోని రైతు పగలబడి నవ్వాడు. "ఏమప్పా, ఎనక్కి నడిచే ఎద్దును యాడ కొంటివి? కొసకు పోయినాక మలపాల గదా."

ముఖం తిప్పే లైను రాశాను. ఎద్దు బుద్ధిగా మళ్లింది. ఆయన నాలుకతో టక్కుమని అదిలించాడు. "వాన లేక మేం ఈ ఏడు కాడే కట్టలేదు. నీ చేన్లోనన్నా సేద్యం అయితాండాది."

ఆయన ఊరొచ్చింది. దారివ్వడానికి ల్యాప్‌టాప్ మూయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "నాగటి సాలు నడుమ ఎద్దును నిలపగూడదు. కొస ముట్టనీ."

కండక్టర్ అరుస్తున్నా, ఎద్దు కొసకు చేరాకే దిగాడు.

నేటికీ నా గేముల్లో తిరిగే ఏ వస్తువైనా, ఆగమంటే కొస దాకా వెళ్లే ఆగుతుంది.