రత్నమక్క జపాన్ బండి

మొన్న ఖమ్మంలో, మా వీధి చివరి ఇంటి ఇనుప గేటుకు రంగు వేయడానికి వచ్చిన పనివాడు ముందుగా తడి గరుకు కాగితంతో తుప్పు రుద్దుతున్నాడు. కూరగాయల సంచితో వస్తున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. నీళ్లు చిలకరించినప్పుడల్లా ఇనుము మీంచి చల్లగా, కాస్త చేదుగా ఒక వాసన లేస్తుంది. రక్తం వాసనకు దగ్గరగా ఉంటుందది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అతను తలెత్తి, “ఏంది మేడం, ఎవరన్న కావాల్నా?” అన్నాడు. కావాలి. కానీ ఆమె ఇప్పుడు లేదు. తల అడ్డంగా ఊపి ఇంటికి వచ్చేశాను. ఆ రోజంతా ఏ పని చేస్తున్నా మనసు దమ్మపేటలో ఒక రేకుల షెడ్డు కిందే తిరిగింది.

ఆమె పేరు సీతారత్నం. నేను రత్నమక్క అనేదాన్ని. చుట్టం కాదు, చదువు చెప్పిన గురువూ కాదు. ఎనభయ్యో దశకం మొదట్లో నాకు దమ్మపేట బడిలో టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు ముందుగది అద్దెకిచ్చిన ఇంటావిడ. మాది మధిర. రైలు కూత వినకుండా నిద్రపోవడం నాకు అలవాటు లేదు. దమ్మపేటలో రైలు లేదు. పొలాలు అయిపోయిన చోటు నుంచి అడవి మొదలవుతుంది. వాళ్లది ఏనాడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ భూములు కొని స్థిరపడిన కుటుంబం. నేను వెళ్లేసరికి ఆ పెద్ద ఇంట్లో ఇద్దరే ఉన్నారు. రత్నమక్క, ఆమె అత్తగారు మాణిక్యమ్మ గారు. పిల్లల్లేరు. ఇద్దరూ కలిసే తినేవారు గానీ అవసరానికి మించి ఒక్క మాట ఉండేది కాదు. పెరట్లో కొబ్బరిచెట్ల అవతల, షెడ్డు కింద టార్పాలిన్ కప్పిన పెద్ద ఆకారమొకటి ఉండేది. బట్టలు ఆరేయడానికి వెళ్లి దాన్ని చూసి, “అదేంటి పెద్దమ్మా?” అని మాణిక్యమ్మ గారిని అడిగాను. ఆవిడ చేటలో మినుములు చెరుగుతున్నారు. చెయ్యి ఆగింది. “నా కొడుకును మింగింది,” అన్నారు. మళ్లీ చెరగడం మొదలుపెట్టారు.

తర్వాత ఒక్కొక్క ముక్కగా తెలిసింది. రత్నమక్క భర్త కోటేశ్వరరావు గారు విశాఖ ఓడరేవులో పనిచేసి తన దేశం వెళ్లిపోతున్న ఒక విదేశీ ఇంజనీరు దగ్గర ఆ కారు కొన్నారట. జపాన్‌లో తయారైన పాత కారు. గుండ్రటి దీపాలు, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ. సముద్రపు గాలికి అడుగంతా తుప్పుపట్టి, ఇంజను కదలని స్థితిలో లారీలో ఎక్కించుకుని ఇంటికి తెచ్చారు. పుట్టినప్పుడు ఎలా ఉందో మళ్లీ అలా నిలబెట్టాలని ఆయన పట్టుదల. వ్యవసాయం పని అవగానే అదే లోకం. ఒక వానాకాలం, మట్టినేల మీద జాకీతో ఎత్తి కిందికి దూరారు. రాత్రి కురిసిన వానకు నేల నాని ఉంది. జాకీ ఒరిగింది. రత్నమక్కా, పాలేరూ కలిసి ఎత్తేసరికి ఊపిరి ఉందిగానీ, ట్రాక్టరు మీద సత్తుపల్లి ఆసుపత్రికి చేరేలోగా అదీ పోయింది. నేను ఆ ఇంట్లో చేరడానికి ఏడాది ముందు జరిగిందిదంతా.

ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో పాతసామాన్ల వ్యాపారి లారీ ఆగి ఉంది. మాణిక్యమ్మ గారే పిలిపించారు. రత్నమక్క పశువుల కొట్టంలోంచి తడిచేతులతో వచ్చి, “దీన్ని అమ్మడం లేదన్నా. అంత దూరం నుంచి వచ్చావు, మజ్జిగ తాగి వెళ్లు,” అంది.

“అమ్మవా? మరేం చేస్తావ్? పసుపూ కుంకుమా పెట్టి పూజ చేస్తావా?” అన్నారు అత్తగారు.

“బాగుచేయించి నడుపుతానత్తయ్యా.”

“వాణ్ణి చంపినదాంట్లో ఎక్కి ఊరేగుతావా?”

“అది చంపలేదత్తయ్యా. ఇనుము, దానికేం తెలుసు? కింద నేల మెత్తగా ఉంది, అంతే.”

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే వెనక వసారాలో రెండో పొయ్యి వెలిసింది. మాణిక్యమ్మ గారు తన గిన్నెలు తాను తీసుకుపోయి విడిగా వండుకోవడం మొదలుపెట్టారు. కోడలితో ఉన్న ఆ రెండు మాటలూ ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే ఆ రోజు నా మనసు ముసలావిడ వైపే ఉంది. కొడుకును పోగొట్టుకున్న తల్లి కళ్లెదుట ఆ వస్తువును పెట్టుకోవడం ఏం మొండితనమని అనుకున్నాను.

రత్నమక్క మొదట బండిని ముట్టుకోలేదు. మనుషుల్ని పెట్టి దాన్ని పక్కకు నెట్టించి షెడ్డు నేలను దిమ్మిస కొట్టించింది, పైన సిమెంటు వేయించింది. అది గట్టిపడేదాకా పూటపూటా తానే నీళ్లు పట్టింది. అప్పుడు ఖమ్మంలో ఉండే యాకూబ్‌కు కబురు పంపింది. కోటేశ్వరరావు గారికి మొదటి నుంచీ సలహాలు చెప్పిన మెకానిక్ అతను. ఆదివారం బస్సు దిగి వచ్చాడు. షెడ్డు బయటే చెప్పులు విడిచి చాలాసేపు బండిని చూశాడు. “సార్‌కు నేను చెప్పిన అమ్మా, వానలల్ల ఆ మట్టి మీద పని పెట్టుకోకు అని. ఇన్లేదు,” అన్నాడు. తర్వాత తలవంచుకుని, “పనంతా చేసిపెడ్త. కిందికి మాత్రం పోను. ఏమనుకోకు. నాతోని కాదు,” అన్నాడు.

రత్నమక్క బండిని ఎత్తించి, నాలుగు మూలలా మద్దిదుంగలు పెట్టించింది. రెండు చేతులతో గట్టిగా ఊపి చూసి, నన్నూ వచ్చి ఊపమంది. కదల్లేదు. అప్పుడు గోనెపట్టా పరిచి, కొంగు నడుముకు బిగించి, వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది. నాకు ఆమె పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. లోపల్నుంచి చప్పుడు లేదు. యాకూబ్ అటు తిరిగి నిలబడ్డాడు. నేను ఉండబట్టలేక, “అక్కా, ఏం చేస్తున్నావ్?” అన్నాను.

“ఏం లేదు. చూస్తున్నా.”

“ఏం చూస్తున్నావ్?”

“ఆయన ఆఖరున చూసింది ఇదే కదా. నేనూ చూద్దామని.”

కాసేపటికి బయటికి వచ్చింది. వీపు నిండా దుమ్ము. కళ్లు పొడిగానే ఉన్నాయి. “రా యాకూబ్. అక్కడేం లేదు. ఇనుమే,” అంది. అతను భుజం మీది తువాలుతో మొహం తుడుచుకుని, ఆమె పడుకున్న గోనె మీదే పడుకుని లోపలికి వెళ్లాడు.

అక్కణ్నుంచి ఏడాదికి పైగా పట్టింది. తుప్పు తిన్న అడుగు కోసేసి కొత్త రేకు అతికించారు. ఎలుకలు కొరికిన తీగలన్నీ మార్చారు. జపాన్ సామాను ఎక్కడా దొరికేది కాదు. యాకూబ్ ఏ బండి సామానో తెచ్చి, అరగదీసి సరిపెట్టేవాడు. అతను రాని రోజుల్లో రత్నమక్క ఒక్కతే తడి కాగితంతో రేకులు రుద్దుతూ ఉండేది. మాట కలిపే మిషతో మొదలై నేనూ పనిలో దిగాను. ఇంజను వాల్వులు వాటి గుంటల్లో సందు లేకుండా కూర్చోవాలంటే గరుకు ముద్ద రాసి, పుల్లకు తగిలించి, అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ నూరాలి. అలా నూరుతున్న ఒక సాయంత్రం అడిగాను, ఎందుకక్కా ఇంత కష్టం, పెద్దావిడ మనసు కష్టపెట్టి మరీ, అని.

ఆమె చెయ్యి ఆపలేదు. “దీన్ని తుక్కు కింద అమ్మేశాననుకో. రేపు ఆయన గురించి ఎవరైనా అడిగితే ఏం చెబుతాం? ఒక చెడ్డ వస్తువును కొని తెచ్చుకుని దాని కింద పడి పోయాడంటాం. ఆయన అంత ఇష్టపడి చేసిందంతా ఒక పొరపాటు కింద మిగిలిపోతుంది. పోవడం ఒక్క పూట, అమ్మాయీ. ఇష్టపడింది ఎన్నేళ్లో,” అంది. ముసలావిడ మీద జాలి అలాగే ఉంది గానీ, ఈమెది మొండితనమని మళ్లీ అనుకోలేదు.

అయితే భర్త కల కన్నట్టుగానే ఆమె బండిని నిలబెడుతుందనుకున్నాను. అలా చేయలేదు. అడవి దారుల్లో రాళ్లు తగలకుండా వెనక చక్రాల స్ప్రింగు కమాను కట్టలకు అదనంగా పట్టీలు వేయించి ఎత్తు పెంచింది. జీపు చక్రాలు బిగించమంది. వెనక సీటు సంతలో అడవి ఊళ్ల ఆడవాళ్లు అమ్మే బూరుగుదూదితో తానే కుట్టింది. ఆయన మీగడరంగు వేయాలనుకున్నారట, ఈమె ముదురాకుపచ్చ వేయించింది. చక్రాలు మార్చే రోజు యాకూబ్ బాధగా, “సార్ ఉంటే ఒప్పుకోకపోతుండె అమ్మా,” అన్నాడు. “సార్ లేరు కదా యాకూబ్. నడపాల్సింది నేను. మన రోడ్లలాంటివి జపాన్‌లో ఉండవు,” అంది. కోటేశ్వరరావు గారు పొడుగు మనిషి. తన కాళ్లకు తగ్గట్టు ముందు సీటును బాగా వెనక్కి జరిపి బిగించుకున్నారు. ఆమె పాదాలు బ్రేకు దాకా అందవు. ఆ ఇనుప పట్టాలు కోసి ముందుకు జరపాల్సి వచ్చింది. రంపం కోస్తున్నంతసేపూ రత్నమక్క కొబ్బరిచెట్ల వైపు తిరిగి నిలబడింది. పోయినవాళ్ల కోరికను ఉన్నదున్నట్టు తీర్చడమే ప్రేమ అని అప్పటిదాకా నా నమ్మకం. ఆ చప్పుడు వింటూ నిలబడ్డప్పుడు ఆ నమ్మకం కదిలింది.

ఇంజను మొదటిసారి అందుకున్న రోజు పెరడంతా నీలం పొగ కమ్మింది. యాకూబ్ “అల్లా!” అని కూలబడ్డాడు. వసారా వైపు కిటికీ రెక్కలు ధడాలున మూసుకున్నాయి. కోతలైన పొలంలో రత్నమక్క నడపడం నేర్చుకుంది. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఆడమనిషి కారు నడపడమే వింత. అందులోనూ భర్తపోయిన మనిషి, అందులోనూ ఆ కారు. కిరాణా కొట్టు దగ్గర ఒకాయన, మొగుణ్ణి తిన్న బండి మీద షికార్లేంటి అనడం నా చెవిన పడింది. రత్నమక్కకు చెబితే, “అననీ. ఎరువు బస్తాలు ఆయనొచ్చి మోస్తాడా?” అంది. ఆ తర్వాత బస్తాలు, జీడిగింజలు, పురుగుమందు డబ్బాలు అన్నీ ఆ బండిలోనే తిరిగాయి.

కోటేశ్వరరావు గారి తద్దినం భద్రాచలంలో గోదావరి ఒడ్డున పెట్టేవారు. ఖమ్మంలో ఉండే ఆయన తమ్ముడు నేరుగా అక్కడికి వచ్చేవాడు. మాణిక్యమ్మ గారు ఎప్పుడూ బస్సులోనే వెళ్లేవారు. ఆ ఏడు నేనూ సెలవు పెట్టాను. తద్దినం నాడు తెల్లవారుతూనే రత్నమక్క బండి అద్దాలు తుడుస్తుంటే, ముసలావిడ చేతిసంచితో వసారా దిగారు. వీధి వైపు వెళ్లకుండా తిన్నగా షెడ్డులోకి వచ్చారు.

“వాడి తల ఎటుంది?” అని అడిగారు.

రత్నమక్క చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. “తూర్పుకత్తయ్యా. ఇదిగో, ఈ చక్రం దగ్గర.”

ఆవిడ మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుని వంగి, బండి కిందికి చూశారు. గట్టి సిమెంటు నేల తప్ప అక్కడేమీ లేదు. అయినా చాలాసేపు చూశారు. తర్వాత లేచి, వెనక తలుపు పట్టుకుని లాగారు. ఎలా తెరవాలో తెలియలేదు. రత్నమక్క వచ్చి తెరిచింది. ఆవిడ ఎక్కి, సంచి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నారు.

ములకలపల్లి దాటాక దారి అడవిలో పడింది. ఇరువైపులా టేకు చెట్లు, మధ్యలో ఎక్కడో ఒక ఇప్పచెట్టు. ఒక మలుపులో మేకల మంద అడ్డం వస్తే రత్నమక్క బ్రేకు వేసింది. వెనక నుంచి మాట వినబడింది.

“నెమ్మదిగా పోనీవే.”

షెడ్డులో అడిగిన ఆ ఒక్క ప్రశ్న తీసేస్తే, రెండో పొయ్యి వెలిసిన నాటి నుంచీ ఆవిడ కోడలితో అన్న మొదటి మాట అది. అప్పటికే బండి నడిచే మనిషి వేగంతో వెళుతోంది. “అలాగే అత్తయ్యా,” అంది రత్నమక్క. ఇంకా తగ్గించింది. ఆమె కళ్ల నుంచి నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి. స్టీరింగు మీది చేతులు తీయలేదు, తుడుచుకోలేదు. నేను అడవి వైపు చూస్తూ కూర్చున్నాను. గోదావరి వంతెన మీదికి వచ్చాక ముసలావిడ కళ్లు తెరిచి నీళ్లకు దండం పెట్టారు.

ఆ తర్వాత అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. రెండు పొయ్యిలూ అలాగే ఉన్నాయి. మాణిక్యమ్మ గారు మళ్లీ ఎప్పుడూ ఆ బండి ఎక్కలేదు. కానీ రత్నమక్క బయలుదేరినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి, “ఏ వేళకొస్తావ్?” అని అడిగేవారు. చెప్పిన వేళకు బండి చప్పుడు వినబడేదాకా లోపలికి వెళ్లేవారు కాదు. కొన్నాళ్లకు నాకు వైరా బదిలీ అయింది, పెళ్లయింది, రాకపోకలు తగ్గాయి. పెద్దావిడ మంచాన పడితే చివరిదాకా రత్నమక్కే చేసిందని విన్నాను. తన చేతులు వణకడం మొదలయ్యాక బండిని యాకూబ్‌కే ఇచ్చేసిందట, నడిపేవాడి దగ్గరే ఉండాలని. ఆమె పోయిన కబురు నాకు చేరేసరికి పదో రోజు కూడా దాటింది.

పోయిన ఏడాది నా భర్త కాలం చేశారు. ఆయన చదువుకునే గదిలోనే, కుర్చీలోనే. పిల్లలు ఆ గదికి తాళం వేశారు. అటు చూస్తే నేను తట్టుకోలేనని వాళ్ల భయం. కొన్నాళ్లు నేనూ అటు వెళ్లలేదు. తర్వాత ఒక ఉదయం తాళం తీసి, ఆ కుర్చీలో కూర్చున్నాను. అక్కడి నుంచి ఎదురుగా కిటికీ, కిటికీలోంచి పక్కింటి వేపచెట్టు కొమ్మ కనబడతాయి. చాలాసేపు చూశాను. ఆ గదికే గాలీ వెలుతురూ ఎక్కువ. నా మంచం అందులోకి మార్చుకుందామనుకున్నాను, కానీ ఆయన పెద్ద బల్ల అడ్డం. సాయంత్రం మా అబ్బాయి వచ్చి, నేను బల్ల మీది పుస్తకాలు దించుతుంటే గుమ్మంలోనే ఆగిపోయాడు.

“నాన్న బల్ల కదిలించకమ్మా,” అన్నాడు.

“ఆ చివర పట్టుకోరా,” అన్నాను.