ఊరికే ఆడించిన టీచరుగారు

మా పల్లెపాలెం బాల్వాడి టీచరుగారు పోయారు. ఆదివారం తెనాలిలో తమ్ముడి ఇంటికి వెళ్ళిన మనిషి సోమవారం తెల్లారేసరికి లేరు. బాపట్ల బస్సు రోజూ ఆవిడని దించే చోటే ఆగింది. ఆవిడ బదులు కండక్టరు దిగి, "మీ టీచరమ్మ ఇంక రారయ్యా, గుండె ఆగిందంట" అన్నాడు. నేనతని మీద అరిచాను. కబురు మోసుకొచ్చినవాణ్ణి తిట్టే కోపం నాది. ఆవిడుంటే, "వాడేం చేశాడు అబ్బాయ్, టిక్కెట్లు కొట్టుకునేవాడు" అనేవారు.

బాల్వాడి అంటే తాటాకు పాక. తల్లులు చేపల బుట్టలెత్తుకుని ఊళ్ళమ్మట పోతే, బడివయసు రాని పిల్లలు అందులో ఉంటారు. ఆఫీసు వాళ్ళకది ఉప్మా పెట్టే పాక. మా వాళ్ళకి పిల్లలు తప్పిపోకుండా ఉండే చోటు. ఆవిడకి మాత్రం అది కొలువు, రోజూ కొత్తగా తీర్చాల్సింది.

సాయంత్రం పిల్లలు వెళ్ళాక, బస్సు వచ్చేదాకా, ఆవిడ మర్నాటి ఆటలు సర్దేవారు. నేను గడప మీద కూర్చుని, రైల్వేస్టేషన్లో కొన్న చిన్న పుస్తకాలు చదువుతూ ఆవిడతో పోట్లాడేవాణ్ణి. "వీడివాళ చిప్పలో ఇసక నింపాడు. ఒంపడం ఇంకా రాలేదు. రేపు వీడికి నీళ్ళు" అని కొబ్బరిచిప్పలు ఒక వార పెట్టేవారు. నడక వచ్చినవాళ్ళకి తడి ఇసక. కాస్త పెద్దవాళ్ళకి గవ్వలూ ఆల్చిప్పలూ కలిపేసిన బుట్ట, వేరు చెయ్యడానికి. వచ్చే ఏడు బడికి పోయేవాళ్ళకి పాత వలతాడు, ముడులు వెయ్యడానికి. గంతులాట తరవాత కథ, కథ తరవాత కునుకు. ఈ వరస తప్పితే ఆవిడకి నచ్చేది కాదు.

"పేదవాడి పిల్లకి అక్షరం కత్తిలాంటిది టీచరుగారూ. మీరేమో గవ్వలిస్తున్నారు" అన్నాను ఒకరోజు.

"కత్తి ఇద్దువుగాని. ముందు పిడి పట్టుకునే వేళ్ళు రానీ."

"ఎప్పటికొస్తాయి?"

"నీకు కోపం తగ్గేలోపే వస్తాయిలే."

తరవాత మెల్లగా చెప్పారు. "రేపల్లెలో ఉన్నప్పుడు నేనూ మూడేళ్ళవాళ్ళచేత దిద్దించాను అబ్బాయ్. ఒకడు పలక కనిపిస్తే చాలు, చేతులు వెనక్కి దాచుకునేవాడు. ఆ చేతులు నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉన్నాయి." నేనావిడ వాదం ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. పోట్లాడదామంటే మనిషి లేదు.

పిల్లలకి అన్నిటికన్నా ఇష్టమైంది పడవాట. తుంగచాపకి తాడు కట్టి, ఒకరిని కూర్చోబెట్టి, మిగిలినవాళ్ళు హైలెస్సా అంటూ గోడదాకా లాగాలి. గోడే ఒడ్డు. ఆఖర్న ఆవిడే కూర్చునేవారు. "నేను బరువురా, మీవల్ల కాదు" అంటూ, వాళ్ళకి తెలీకుండా కాలితో నేలని నెట్టేవారు.

మొన్న వానాకాలం మా పాలెంలో ఒకతను సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. అతనికి నాలుగేళ్ళ కూతురుంది. ఆ పిల్లకి మాట పడిపోయింది. పిల్ల నాయనమ్మ పాకలోకొచ్చి అందరి ముందూ నిలదీసింది.

"పొద్దస్తమానం ఏం చేశారే అంటే, ఊరికే ఆడుకున్నాం అంటారు. ఊరికే ఆడించడానికి నువ్వెందుకమ్మా? ఇసకలో వదిలితే మా పిల్లలు ఆడుకోరా? పలకలు పట్టించు. ఆ పడవాట తీసెయ్. నా కొడుకు పడవ రాలేదు. మీ చాప మాత్రం రోజూ ఒడ్డుకొస్తందా?"

టీచరుగారు చాప చుట్టి మూలన నిలబెట్టారు.

ఆ పిల్ల కోసం రోజుకొకటి చూశారు. నీళ్ళు, బంకమట్టి, గవ్వలు. అది ముట్టుకునేది, వదిలేసేది. "ఏదో ఒకటి చెప్పించండి, పాటన్నా పాడించండి" అని నేనరిస్తే, "దానికేం కావాలో అదే తీసుకోవాలి అబ్బాయ్. మనం అందేచోట పెట్టడమే" అన్నారు.

ఒక సాయంత్రం పిల్ల మూలకి వెళ్ళి చాప లాక్కొచ్చి పరిచింది. తాడు తీసి ఒక్కొక్కళ్ళ చేతిలో పెట్టింది. చాపమీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. అప్పుడే నాయనమ్మ గుమ్మంలోకొచ్చింది. నేను పిల్లల్ని ఆపబోయాను. టీచరుగారు నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు. పిల్లలు ఖాళీ చాపని లాగారు. సగం దూరంలో ఆ పిల్ల "హైలెస్సా" అంది. చిన్న గొంతు, బొంగురుగా. చాప గోడకి తగిలింది. నాయనమ్మ గడపమీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ కొంగు తీసి, "ఇంకోసారి లాగండే" అంది.

ఆ తరవాత మా పాలెంలో పలకల మాట ఎవరూ ఎత్తలేదు. బయటివాళ్ళెవరైనా "ఊరికే ఆడిస్తారటగా" అంటే, "ఊరికే అన్న మాట నా పాకలో లేదండి" అనేవారు టీచరుగారు. కొంచెం పొగరుగానే.

రేపు ఆ పాకకి ఎవరొస్తారో తెలీదు. వచ్చినవాళ్ళు మళ్ళీ చాప చుట్టేసి పలకలు పంచుతారేమో. అందుకే ఇదంతా ఈ పత్రిక చదివే మీకు రాస్తున్నాను. ఆవిడ చేసిన పని ఆవిడతో పోకూడదు.

సోమవారం కబురు విని పాకకి వెళ్ళాను. నాయనమ్మే తలుపు తీసి, ఎవరూ చెప్పకుండానే చిప్పలూ గవ్వలూ సర్దుతోంది. ఏది ఎవరికో ముసలామెకి తెలియదు. అన్నీ ఒకే చోట పోసింది. పిల్లలు గోడవారగా నిలబడ్డారు. ఆ పిల్ల చాప పరిచి ఉంచింది. టీచరుగారు కూర్చునే చోట తుంగ అరిగి గుంటపడింది. తాడు కొస రెండు చేతుల్తో పట్టుకుని పిల్ల కదలకుండా నిలబడింది. లాగడం లేదు, వదలడం లేదు.

"ఏం చేస్తున్నావు తల్లీ?" అన్నాను.

"ఊరికే పట్టుకున్నా" అంది.