తలుపు మీద తిలకం గీత

మా చిన్నప్పుడు... ఫిల్మ్‌నగర్ బస్తీలో మా వరుస ఇళ్ళ తలుపుల మీద ఇంటి నంబరు పక్కనే ఇంకో గుర్తు ఉండేది. ఎర్ర పెయింటుతో రాసిన బ్లడ్ గ్రూపు! ఇంట్లో ఎంతమంది పెద్దవాళ్ళుంటే అన్ని గ్రూపులు. కొత్తగా వచ్చిన చుట్టాలు అదేదో కరెంటు వాళ్ళ లెక్క అనుకునేవాళ్ళు.

అది బస్తీ అంతా మిలిటరీ తాత అని పిలిచే పెద్దాయన పని. పేరు మల్లయ్య, ఊరు జనగామ. సైన్యం నుంచి రిటైరయ్యాక, కూతురి దగ్గర ఉందామని మా బస్తీకి వచ్చాడు. వచ్చాడే గానీ ఒక్క పూట ఊరికే కూర్చుంటే ఒట్టు! మోరీల్లో పూడిక తీయించడం, ముసలివాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళడం... అన్నీ ఆయనే. బడి వరండాలో క్యాంపు పెట్టించి అందరికీ రక్తపరీక్షలు చేయించాడు. సినిమా సెట్లకు రంగులేసే ఒకాయన, డబ్బా అడుగున మిగిలిన పెయింటుతో తలుపుల మీద రాసిపెట్టాడు.

"పుస్తకంల రాస్తే నేనుంటెనే దొరుకుతది. తలుపు మీద రాస్తే నేను లేకున్నా దొరుకుతది" అనేవాడు తాత.

మేము గుంటూరు నుంచి వచ్చి అప్పటికి ఏడాదే. నాన్న లైట్‌మ్యాన్, అమ్మ జూనియర్ ఆర్టిస్టు. షూటింగులతో ఇద్దరూ ఇంటిపట్టున ఉన్నది తక్కువ, ఎవరితోనూ పెద్దగా పరిచయాల్లేవు. నాన్నది ఓ నెగటివ్. 'ఓ' అక్షరం పక్కన చిన్న అడ్డగీత. అలాంటిది బస్తీలో మా తలుపు మీద ఒక్కటే.

ఒకసారి తాత తీసుకెళ్తే నాన్న రక్తం ఇచ్చి వచ్చాడు. మర్నాడే అన్నం తినకుండా షూటింగుకి వెళ్ళి, ఎండలో కళ్ళు తిరిగి పడిపోయాడు. అమ్మ ఒకటే గోల. "అసలే పుల్లలా ఉన్నారు! ఆ గీత ఉన్నన్నాళ్ళూ మిమ్మల్నే పిలుస్తారు. ఏదో ఒక రోజు మా కొంప మునుగుతుంది!"

నాకు తొమ్మిదేళ్ళు. ఆ మాట గుండెల్లో పడిపోయింది. నాన్న చచ్చిపోతాడనే అనుకున్నాను. అమ్మ తిలకం సీసా తీసి, దాని పుల్లతో ఆ అడ్డగీత మీద ఒక నిలువుగీత గీశాను... అంతే. నెగటివ్ కాస్తా పాజిటివ్ అయిపోయింది. ఎవరూ చూడలేదు.

మూడు నెలలు దాటాయేమో. ఒక ఆదివారం పొద్దున... తాత ముందురోజే ఊరికి వెళ్ళాడు. అమ్మ షూటింగులో ఉంది. రాత్రంతా పని చేసి వచ్చిన నాన్న లోపల ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. నేను గడప మీద కూర్చుని ఉన్నాను. పై వరుసలో ఉండే రాములన్న ప్రతి తలుపూ చూసుకుంటూ పరుగున వస్తున్నాడు. అతని భార్య లలితక్కకు ఆసుపత్రిలో కాన్పయింది, రక్తం ఆగడం లేదు.

"ఓ నెగటివ్ గావాలె! ఎవరిదన్న ఉంటే జర చెప్పుండ్రి!"

మా తలుపు ముందు ఆగాడు. చూశాడు. "ఇది గాదు" అని వెళ్ళిపోయాడు.

అతను ఏడుస్తూ సందు మలుపు తిరగడం చూస్తూనే ఉన్నాను. లోపల నాన్న గురక వినబడుతోంది. లేపితే నాన్న పోతాడు, లేపకపోతే లలితక్క పోతుంది... ఆ రెండు గంటలు నేను గడప దిగలేదు.

ఎండెక్కాక తాత బస్సు దిగి వస్తూ దారిలోనే సంగతి విన్నాడు. చేతిసంచీతో నేరుగా మా ఇంటికే వచ్చాడు. తలుపు చూశాడు. నన్ను చూశాడు. బొటనవేలు తడి చేసుకుని రుద్దితే నిలువుగీత చెరిగిపోయింది, అడ్డగీత మిగిలింది. "సుధాకర్, లే బిడ్డా, పని పడ్డది" అని నాన్నను లేపి ఆటో ఎక్కించాడు.

నాన్న రక్తమిచ్చి క్షేమంగా తిరిగొచ్చాడు. లలితక్క బతికింది. కానీ మంచం దిగడానికి నెల పట్టింది.

మర్నాడు సాయంత్రం తాత మా మెట్ల మీద కూర్చుని నన్ను పిలిచాడు.

"భయమైందా బిడ్డా?"

వెక్కివెక్కి ఏడ్చాను.

"మొన్న మా ఇంటామె సంవత్సరీకం. నేను బార్డర్ల ఉన్నప్పుడు కాన్పుల పోయింది. మా బిడ్డ ఒక్కతే దక్కింది. రక్తం గావాలన్నరట. మా ఊర్ల అందరికి అందరు ఎరుకే... ఎవరి రక్తం ఏందో ఒక్కరికి ఎరుక లేకుండె."

నా కళ్ళు తుడిచి, "నేనెవ్వరికి చెప్ప. నీకు ధైర్యమొచ్చిననాడు నువ్వే చెప్పు" అన్నాడు.

ఆయన మాట తప్పలేదు. అమ్మకూ నాన్నకూ కూడా చెప్పలేదు.

పోయిన నెలలో తాత పోయాడు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది లలితక్కే. "నా పానం నిలబెట్టిండు" అంటూ నా భుజం పట్టుకునే ఏడ్చింది. అప్పుడు కూడా ఆ గీత సంగతి చెప్పలేదు. ఛీ అనిపించింది నా బతుకు మీద నాకే.

ఇప్పుడు మా పాత వరుసలో అన్నీ ఇనుప తలుపులే. నేనుండే అపార్టుమెంటులో తలుపులకు కెమెరాలున్నాయి, ఎదురింట్లో ఎవరుంటారో తెలియదు. ఫోన్లో మాత్రం "అర్జెంట్, ఓ నెగటివ్" అని ఎక్కడెక్కడివో మెసేజులు వస్తుంటాయి... నాదీ నాన్న గ్రూపే. వెళ్ళగలిగిన ప్రతిసారీ వెళ్తున్నాను. అయినా ఆ రెండు గంటల బాకీ తీరడం లేదు.

మీ పక్కింటివాళ్ళ బ్లడ్ గ్రూపు మీకు తెలుసా? తెలిస్తే కింద రాయండి. తెలియకపోతే ఇవాళే వెళ్ళి అడగండి.

లలితక్కా... నువ్వు మాత్రం ఇక్కడ ఏమీ రాయకు. రేపు పొద్దున నేనే మీ ఇంటికి వస్తున్నాను. తలుపు తీస్తే చాలు.