వేషంలో అన్న మాట

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా నాన్న హైదరాబాదులో కాంపౌండరు. ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ముందు థర్మామీటరు, తర్వాతే దేవుడు. నేను సైన్సు చదివాను. పూనకం వచ్చి ఊగే ఆడవాళ్ళను చూస్తే చెంబుడు చల్లనీళ్ళు మొహాన కొట్టాలనిపించేది. రెండుసార్లు కొట్టాను కూడా. ఇప్పటికీ వాటిని నమ్మను. నమ్మనిదాని గురించి ఎలా రాయాలో తెలియకే ఇన్నేళ్ళూ ఊరుకున్నాను.

పోలీసు చర్య జరిగిన ఐదారేళ్ళకు నాకు వికారాబాదులో ఉద్యోగం వచ్చింది. అనంతగిరి గుట్టకు పోయే దారిలో ఒక ఆడవాళ్ళ ఆశ్రమం, దానికి నేను వార్డెను. ఆ చర్యకు ముందటి గడబిడ రోజుల్లో ఇల్లూ మనుషులూ పోగొట్టుకున్న పద్దెనిమిది మంది అక్కడ ఉండేవారు. వాళ్ళకు కుట్టుపని, నాలుగక్షరాలు నేర్పడం నా పని. నన్ను పంతులమ్మ అనేవారు. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. నాకు తెలియనిది ఏమీ లేదనుకునేదాన్ని.

ఆ పద్దెనిమిది మందిలో బుగ్గమ్మ ఒకతె. కోట్‌పల్లి దగ్గర ఏదో పల్లె. గడబిడలో ఆమె భర్త నర్సప్పను తుపాకులవాళ్ళు చేనులోంచి పట్టుకుపోయారు. అతను మళ్ళీ రాలేదు. ఆ రోజునుంచి ఆమె నోట మాట లేదు. డాక్టరు గొంతు చూసి లోపమేమీ లేదన్నాడు. చెప్పిన పని చేసేది, జొన్నరొట్టెలు ఆమె చేసినంత పల్చగా ఇంకెవరూ చేయలేకపోయేవారు. కాలిమట్టెలు తీయలేదు, బొట్టు తీయలేదు. భర్త పోయాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు.

ఈ సంగతంతా నాకు చెప్పింది ఆమె బావ మల్లప్ప, నర్సప్పకు సొంత అన్న. నెలకోసారి ధారూర్‌లో రైలెక్కి జొన్నపిండి మూట, బెల్లం పట్టుకొచ్చేవాడు. తమ్ముణ్ణి పట్టుకుపోయిన రోజు తాను ఊళ్ళో లేనని చెప్పి కండువాతో కళ్ళు తుడుచుకునేవాడు. తమ్ముడి భూమి కూడా తనే దున్నుతున్నాడు. మరి ఇంకెవరు దున్నుతారు? ఇంత మంచి బావ దొరికాడని మిగతా ఆడవాళ్ళు బుగ్గమ్మ మీద ఈర్ష్యపడేవారు. నేనైతే వచ్చినప్పుడల్లా ఆయనకు చాయ్ ఇప్పించేదాన్ని.

ఆ ఏడు ఆశ్రమం కమిటీ ఒక తీర్మానం చేసింది. వార్షికోత్సవం నాటికి బుగ్గమ్మ మాట్లాడకపోతే పట్నంలో పిచ్చాసుపత్రికి పంపాలని. మల్లప్ప కాగితం మీద వేలిముద్ర వేసి, "ఏం జేస్తం పంతులమ్మా, ఆడనన్న నయమైతదేమో" అన్నాడు. అక్కడికి పోయినవాళ్ళు తిరిగొచ్చిన సంగతి నేను అప్పటికి ఒక్కటీ వినలేదు. ఆమెకున్న గడువు మూడు నెలలు.

అదే వార్షికోత్సవానికి ఆడవాళ్ళతో ఏదైనా ఆట వేయించమని సెక్రటరీగారు అన్నారు. తాండూరు నుంచి చెన్నయ్య అనే ముసలాయన్ను పిలిపించాం. పగలు బండలగనిలో పని, మిగతా కాలమంతా భాగోతం, అలా బతికినవాడు. వస్తూనే పద్యాలు నేర్పుతాడనుకుంటే అందరినీ వాకిట్లో నాపరాళ్ళ మీద గుండ్రంగా కూర్చోబెట్టాడు.

"ఈళ్ళకు రాజుల కథలెందుకు పంతులమ్మా. ఈళ్ళ కథలే ఈళ్ళ కడుపుల అడ్డం వడి ఉన్నయి" అన్నాడు.

ఆయన పద్ధతి ఇది. ఎవరి కథ వాళ్ళు ఆడకూడదు. ఒకామె తన కష్టం చెప్పాలి, దాన్ని ఇంకొకామె ఆడాలి. కష్టం ఎవరిదో ఆమె కూర్చుని చూడాలి. తప్పుగా ఆడితే చప్పట్లు కొట్టి ఆపి, ఎలా జరిగిందో సరిదిద్దాలి. నాకది చిన్నపిల్లల ఆటలా అనిపించింది. అయినా నిద్ర, తిండి, ఏడుపు అని మూడు గళ్ళు గీసి ఒక నోటుబుక్కులో రోజూ రాసుకునేదాన్ని. చదువుకున్నదాన్ని కదా.

లచ్చమ్మ అనే ఆమెకు బిడ్డ పోయి నాలుగేళ్ళు. సరిగ్గా తినేది కాదు. ఆమె వేషం వేసినామె గుండెలు బాదుకుని ఏడుస్తుంటే లచ్చమ్మ చప్పట్లు కొట్టింది.

"గట్ల గాదే. నేను ఒర్రలే. నాకు ఏడుపే రాలే" అంది. అంటూనే ఏడవడం మొదలుపెట్టింది. ఆపడానికి ఎవరూ పోవద్దని చెన్నయ్య చెయ్యెత్తాడు. ఆ రోజు ఆమె రెండు రొట్టెలు తిన్నట్టు నా నోటుబుక్కులో ఉంది. నెల తిరిగేసరికి నిద్రకు మాత్రలు అడిగేవాళ్ళు సగమయ్యారు. ఈ భాగాన్ని నేను ఎవరి ముందైనా ఒప్పుకుంటాను, ఇందులో వింత ఏమీ లేదు.

బుగ్గమ్మ కథ దగ్గర చిక్కొచ్చింది. ఆమె చెప్పదు కాబట్టి మల్లప్ప చెప్పిందే తీసుకున్నాం. పట్టుకుపోవడం ఆడకుండా, ఆయన ఒక్కసారి తిరిగొచ్చినట్టు ఆట కట్టాడు చెన్నయ్య. నర్సప్ప ఇంటికొస్తాడు, భార్య మంచినీళ్ళిస్తుంది, ఆయన రెండు మంచిమాటలు చెప్పి పోతాడు. అంతే ఆట. ఈ ఒక్కదాంట్లో బుగ్గమ్మను ఆమె సొంత వేషంలోనే ఉంచుతానన్నాడు, చప్పట్లు కొట్టి దిద్దే పనికి బదులు చేతికి నీళ్ళచెంబు ఇచ్చి. అయితే నర్సప్ప వేషం వేయడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. మట్టెలు తీయని ఆడదాని మొగడు, ఉన్నాడో లేడో తెలియనివాడు, ఆయన వేషం ఎలా వేస్తామని అందరూ వెనక్కి జరిగారు. నాకు ఒళ్ళు మండింది. నేను వేస్తానన్నాను. పొడుగ్గా కూడా ఉండేదాన్ని.

రంగు పూసే ముందు చెన్నయ్య నాకు వాళ్ళ కట్టడి ఒకటి చెప్పాడు.

"రంగు వడ్డంక నువ్వు నువ్వు గాదు పంతులమ్మా. అప్పుడన్న మాటను రంగు కడుక్కున్నంక కాదనొద్దు, ఎవ్వలడిగినా సరే. తప్పని జెప్పాలన్నా మల్ల రంగేసుకొనే జెప్పాలె."

వయసులో ఉన్నప్పుడు వేషంలో అన్న ఒక మాటకు ఆయన దొర గడీలో దెబ్బలు తిన్నాడట, అయినా కాదనలేదట. నేను నవ్వి, సరే కానివ్వమన్నాను.

వార్షికోత్సవం మధ్యాహ్నం మూడు గంటలకు. వాకిట్లో మంచి ఎండ. సెక్రటరీగారూ కమిటీవాళ్ళిద్దరూ కుర్చీల్లో, మిగతావాళ్ళు కింద. మల్లప్ప పిండిమూట పక్కన పెట్టుకుని గడప దగ్గర కూర్చున్నాడు. నేను ధోవతి, తలపాగా, భుజాన గొంగడితో వచ్చాను. చెప్పాల్సిన మాటలు నేనే రాసుకుని బట్టీపట్టాను. నేను బాగున్నాను, నా కోసం ఎదురుచూడకు, నలుగురితో మాట్లాడుతూ ఉండు. అంతే.

బుగ్గమ్మ చెంబు ఇచ్చింది. తాగాను. ఇంతవరకూ నాకు బాగా గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నవి ఖాళీ అయిన చెంబు, గొంగడి వాసన, ఎండ. నా మాటలు నేను చెప్పాననే అనుకున్నాను.

నేను ఏమన్నానో తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగాను. అందరూ ఒకేలా చెప్పారు. గొంతు నాదే, మగగొంతు కాదు. మాట మాత్రం వాళ్ళ ఊరి మాట.

"బుగ్గీ, నేను జొన్నచేన్ల దాసుకున్న. ఎవ్వలకు తెల్వకపోతుండె. మా అన్ననే ఆళ్ళను తోలుకొచ్చి సూపిచ్చిండు. నా ఎండికడెం ఆయినె సందుగల ఉన్నది."

నేను హైదరాబాదులో పుట్టి పెరిగినదాన్ని, ఆ యాస ఈనాటికీ నా నోట సరిగ్గా పలకదు. సందుగ అంటే పెట్టె అని కూడా నాకప్పుడు తెలియదు. నర్సప్పకు వెండికడియం ఉండేదని నాకు ఎవరూ చెప్పలేదు. భార్యను బుగ్గీ అని పిలిచేవాడని అసలే తెలియదు.

ఆ తర్వాతది నేను కూడా విన్నాను. బుగ్గమ్మ గడప వైపు తిరిగి, "బావా, కడెం ఏది?" అంది. ఇన్నేళ్ళకు మొదటిమాట అది. బొంగురుగా, మెల్లగా వచ్చింది. మల్లప్ప లేచాడు. పిండిమూట అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బుగ్గమ్మ లచ్చమ్మతో మాట్లాడింది, ఉప్పు అడిగింది, రొట్టెలు చేస్తూ నర్సప్ప గురించి కూడా ఏదో చెప్పిందట. నేను నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. ఇక ఆమెను ఎక్కడికీ పంపాల్సిన పని లేదనుకుని హాయిగా పడుకున్నాను.

మూడోరోజు మల్లప్ప ఊరి పటేలును వెంటబెట్టుకొచ్చాడు. పంతులమ్మ తన మీద ఖూనీ నింద వేసిందని కమిటీ ముందు తల బాదుకున్నాడు. సెక్రటరీగారు నన్ను పిలిచారు. ఆ గదిలో నేను, కమిటీవాళ్ళు, మల్లప్ప, పటేలు. తలుపు దగ్గర చెన్నయ్య, ఆయన వెనక బుగ్గమ్మ.

"ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు?" అని అడిగారు సెక్రటరీగారు. ఎవరూ చెప్పలేదన్నాను. "అయితే మీరు కల్పించారా, లేక మీకేమైనా పూనిందా?" అన్నారు. పక్కనున్నాయన నవ్వాడు.

పూనిందంటే వార్డెనుకే పిచ్చి అంటారు. ఆ నవ్వు నాకు తగలరాని చోట తగిలింది. నేను తల ఎత్తి, "నేనే కల్పించాను. నాటకం కదండీ, కొంచెం రక్తి కట్టాలని" అన్నాను. మల్లప్పను క్షమించమని కూడా అడిగాను.

చెన్నయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు. ఆ పూటే తాండూరు రైలెక్కి పోయాడు. బుగ్గమ్మ మళ్ళీ నోరు తెరవలేదు. మాట వచ్చింది కదా, పంపొద్దని నేను ఎంత చెప్పినా కమిటీ వినలేదు, మొగుడి అన్న మీద పడి అరవడం పిచ్చి ముదరడమే అన్నారు. కాగితం మీద వేలిముద్ర ముందే ఉంది కదా. వారం తిరక్కుండా పంపించారు. వికారాబాదు స్టేషన్లో ఆమెను రైలెక్కించింది నేనే. ఆమె కిటికీలోంచి నా వైపు చూడలేదు.

నాలుగు నెలల తర్వాత మల్లప్ప భార్య, బుగ్గమ్మకు తోడికోడలు, ఆశ్రమానికి వచ్చింది. మొగుడికి చెప్పకుండా వచ్చానంది. కొంగు ముడి విప్పి ఒక వెండికడియం నా ముందు పెట్టింది.

"సందుగల అడుగున ఉండె. మా చెల్లెకు ఇయ్యి. నాకు నిద్ర వడ్తలేదు" అంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆ కడియం పట్టుకుని పట్నం పోయాను. తప్పు ఒప్పుకోవాలంటే రంగు వేసుకోవాలని చెన్నయ్య చెప్పింది గుర్తుంది. డాక్టర్లు తిరిగే వరండాలో మొహానికి రంగు, తలపాగానా? సిగ్గేసింది. చీరలోనే పోయాను. బుగ్గమ్మ గోడవారన కూర్చుని ఉంది. జుట్టు కత్తిరించేశారు. కడియం చేతిలో పెట్టి, అది కల్పన కాదు, నేను అబద్ధమాడాను అన్నాను.

ఆమె కడియాన్ని చేతికి ఎక్కించుకుంది. మోచేతి దాకా జారింది. అప్పుడు మామూలు గొంతుతో మాట్లాడింది.

"చెప్పింది ఆయినె, నువ్వు గాదు. నీది గాని మాటను నాదని ఎందుకన్నవ్? ఎందుకు గంత భయపడ్డవ్ పంతులమ్మా?"

నేను పరుగెత్తుకుంటూ పోయి డాక్టరును పిలుచుకొచ్చాను. ఆయన ఎంత అడిగినా ఆమె గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆయన కాసేపు నా మొహం చూసి, మీకు నిద్ర సరిగ్గా పడుతోందా అని అడిగాడు.

రెండేళ్ళకు బుగ్గమ్మ అక్కడే పోయింది. ఆశ్రమానికి ఒక కార్డు వచ్చింది. మల్లప్ప చాలాకాలం బతికాడు, రెండు పొలాలూ దున్నుకుంటూ.

ఆ మాటలు నా నోటికి ఎలా వచ్చాయో నాకు తెలియదు. మల్లప్ప వాలకం చూసి మనసులో ఎక్కడో అనుమానించానేమో అనుకుంటే, కడియం దగ్గర ఆగిపోతాను. చెన్నయ్యను వెతుక్కుంటూ తాండూరు పోయి, నువ్వేమైనా నాకు చెప్పావా అని అడిగాను. నాకేం ఎరుక అన్నాడు, మొహం తిప్పుకునే. దాని సంగతి తేలకపోయినా నా బతుకు నడిచింది. బుగ్గమ్మ అడిగినదానికి జవాబు మాత్రం ఆ రోజే నాకు తెలుసు. ఉద్యోగం పోతుందని, నలుగురూ నవ్వుతారని భయపడ్డాను. అంతకంటే ఏమీ లేదు. అదైనా ఆమెతో చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు.