ఒక పేరు, ఒక కెరటం

మా పక్కింటి అక్కగారు పోయారు. కొన్ని వారాల కిందట ఒక పొద్దున్న ఆవిడ కిటికీ తెర తీయకపోతే మా అమ్మాయికి అనుమానం వచ్చి వెళ్ళి చూసింది. నిద్రలోనే వెళ్ళిపోయారు. వీధిలోవాళ్ళంతా పెద్దావిడ ప్రశాంతంగా పోయిందన్నారు. ఆ మాట వింటే ఆవిడ ఊరుకునేవారు కాదు. ప్రశాంతం అంటేనే ఆవిడకి పడదు. అందుకని నేను ఏడుస్తూ రాయడం లేదు, మీరూ ఏడుస్తూ చదవకండి. నిజం చెప్పాలంటే ఇవాళ నా మనసులో సంతోషం పట్టనట్టుంది. ఎందుకో చెబుతాను.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఉప్పాడ దగ్గర సముద్రం ఒడ్డున పుట్టాను, చేపల రేవులో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయిది ఇక్కడ అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏటా వేసవిలో వచ్చి చలి ముదిరేదాకా ఉంటాను. దాని స్నేహితులంతా మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఎడిసన్‌లో ఇళ్ళు తీసుకుంటే, మా నాన్నకి కెరటాల చప్పుడు లేకపోతే నిద్రపట్టదని ఇది న్యూజెర్సీ తీరంలో ఈ చిన్న ఊళ్ళో అద్దెకి దిగింది. రోజూ అంతసేపు రైల్లో కూర్చుని ఆఫీసుకి పోతుంది. ఇలాంటి కూతురు ఎంతమందికి ఉంటుంది చెప్పండి.

అక్కగారిది బ్రిటనీ. ఇంగ్లండు కాదు. ఫ్రాన్సు దేశానికి పడమటి కొసన సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల అది. దాని ఎదురుగా గాలికి చెట్టు కూడా నిలవని ఒక దీవి ఆవిడ పుట్టిన ఊరు. పెళ్ళయ్యాక భర్తతో న్యూయార్క్ వచ్చి హోటళ్ళలో పనిచేసి, ఆయన పోయాక ఇక్కడ స్థిరపడ్డారు. ఎవరైనా ఫ్రెంచావిడ అంటే మూతి ముడిచేవారు. తన భాష వేరు, తన పాట వేరు అనేవారు. నన్ను ఇక్కడ అందరూ హిందీవాడనుకుని నమస్తే అంటుంటే నాకు ఎలా ఉంటుందో ఆవిడ ఒక్కరికే తెలుసు. నా ఇంగ్లీషు ఆవిడకి, ఆవిడ ఇంగ్లీషు నాకు తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేవి కావు. నేను అక్కా అంటే, ఆవిడ ఆ మాటేమిటో అడిగి తెలుసుకుని, మర్నాటినుంచి నన్ను తమ్ముడూ అన్నారు.

చేపల కొట్లో ఆవిడ పక్కన నిలబడడం ఒక వేడుక. మొప్ప ఎత్తి చూసి, ఇది నాకన్నా ముందు పుట్టింది అని కొట్టంతా వినబడేట్టు చెప్పేవారు. ఉప్పు వేసిన వెన్న దేనిమీదైనా వేలెడు మందాన రాసుకునేవారు, ఆఖరికి మా ఇంటి పెసరట్టు మీద కూడా. వాళ్ళకీ అట్టుంది, నల్లగా ఉండే పిండితో వేస్తారు. మీది పచ్చన, మాది నలుపు, రెండిటికీ తల్లి పెనమే అనేవారు. చలికాలం మొదలయ్యాక కూడా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి సముద్రాన్ని వాళ్ళ భాషలో తిట్టేవారు. మనకి అన్యాయం చేసినవాళ్ళతో మాటలు మానెయ్యకూడదట, మానేస్తే వాళ్ళు మరిచిపోతారట.

ఆవిడ తండ్రి చేపలకి వెళ్ళి తిరిగి రాలేదు. దేహం దొరకలేదు. అలాంటివాళ్ళకి ఆ దీవిలో ఒక ఆచారం ఉంది. మైనంతో చిన్న శిలువ చేసి, బల్లమీద తెల్లగుడ్డ పరిచి, దానిమీద ఉంచుతారు. ఇరుగుపొరుగు వచ్చి శవం దగ్గర కూర్చున్నట్టే దాని చుట్టూ కూర్చుంటారు. మర్నాడు ఊరేగింపుగా గుడికి తీసుకెళతారు. దాన్ని వాళ్ళు ప్రొయెల్లా అంటారు. మా నాన్న నా అరచేతిలో పట్టేంత అయిపోయాడు తమ్ముడూ, అన్నారొకసారి, అరచెయ్యి చాపి చూపిస్తూ.

అప్పుడు నేను మా అన్న సంగతి చెప్పాను. తుపానులో తెప్పమీద వెళ్ళినవాడు వెళ్ళినట్టే. దేహం లేదు కనుక ఏడవాలో ఎదురుచూడాలో మాకు తెలియలేదు. మా అమ్మ తను పోయేదాకా వాడి కంచం వేరేవాళ్ళకి పెట్టనివ్వలేదు. మా ఇంట్లో వాడి పేరు ఎత్తడం మానేశాం. అక్కగారు అంతా విన్నారు. తర్వాతి ఆదివారం పాలగిన్నెలో కొవ్వొత్తి ముక్కలు కరిగిస్తూ నన్ను పిలిచారు. "మీకు శిలువ కాదు కదా. మీ అన్న దేనిమీద వెళ్ళాడో అది చూపించు."

నేను అగ్గిపుల్లలు పక్కపక్కన పేర్చి, దారంతో కట్టి, మా తెప్ప ఎలా ఉంటుందో చూపించాను. ఆవిడ మైనంతో అచ్చం అలాగే చేశారు. తెల్లగుడ్డమీద పెట్టి ఆవిడా, నేనూ, మా అమ్మాయీ సాయంత్రందాకా దాని పక్కన కూర్చున్నాం. మా ఆచారంలో గుడికి పంపుతాం, మీరేం చేస్తారని ఆవిడ అడిగితే, నీళ్ళలో కలుపుతాం అన్నాను. అలాగే కలిపాం.

ఆవిడ ఏటా ఆకులు రాలే రోజుల్లో ఈ ఊరి తీరాన తమ దీవి పండగ చేసేవారు. ఒక చిన్న పడవని పూలతో అలంకరించి, ఫాదర్‌గారితో నీళ్ళు చల్లించి, అట్లు వేసి పంచేవారు. నేను చూసిన మొదటి ఏడు ఫాదర్‌గారు పక్కకి తప్పుకోగానే, మన కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డులో కొన్న కొబ్బరికాయ తీసి పడవ ముక్కుమీద ఠపీమని కొట్టాను. పడవకి పూజంటే మా రేవులో అంతే కదా. ఊరి పాత సంప్రదాయాలు చూసుకునే హెరిటేజ్ కమిటీవాళ్ళు ఉలిక్కిపడ్డారు. అక్కగారు మాత్రం ఒక చెక్క అందుకుని నీళ్ళు తాగేసి, వచ్చే ఏడు రెండు తెమ్మన్నారు. ఇది బ్రిటనీ ఆచారం కాదని హెరిటేజ్ కమిటీ పెద్దాయన నసిగితే, మా దీవికి సముద్రం ఏం కొట్టుకొచ్చినా మాదే అనుకుంటాం, ఈయన్నీ అదే తెచ్చింది అన్నారు.

చివరికి అసలు ఘట్టం. అందరూ చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగి, ఊరికి వీపు పెట్టి నిలబడాలి. అక్కగారు తమ దీవిలో తిరిగిరాని వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే గట్టిగా పిలిచేవారు. ఒక పేరు, ఒక కెరటం. అది విరిగి వెనక్కి పోయాకే ఇంకో పేరు. వాటి మధ్యలో ఆవిడ మా అన్న పేరూ చేర్చారు. కొన్ని దశాబ్దాల తర్వాత ఆ పేరు ఆరుబయట విన్నాను. మన భాష తిరగని ఆ నోట విన్నాను. ఇంతకన్నా ఏం కావాలి.

ఇది కమిటీకి రుచించలేదు. పోయినవాళ్ళ పేర్లు విని పిల్లలు దిగులు పడతారని, పండగని లైబ్రరీ ముందు పచ్చికలోకి మార్చి ఫ్రెంచి దినోత్సవం చేద్దామని, అందరికీ ఫ్రెంచివాళ్ళు పెట్టుకునే ఆ గుండ్రటి టోపీలు పంచుదామని అడుగుతూ వచ్చారు. ఆ టోపీ తమ దీవిలో ఒక్క క్షణం నెత్తిన నిలవదన్నారు అక్కగారు. "నేను చిన్నపిల్లగా మా నాన్న శిలువ వెనక నడిచాను. నాకేమైంది? ఇంకా మీ వాటా అట్లు కూడా తింటున్నాను." పేర్లకి బదులు ఒక నిమిషం మౌనం పాటిద్దామని కమిటీ పెద్దాయన అంటే, ఆవిడ గొంతు మారింది. "వాళ్ళ నోరు సముద్రం మూసేసింది. మన నోరు మనమే మూసుకోవాలా?"

ఆవిడ ఉన్నన్నాళ్ళూ కమిటీవాళ్ళు ఆగారు. ఆవిడ పోయిన వారంలోనే వాళ్ళ ఈమెయిల్ వచ్చింది. ఆవిడ గౌరవార్థం ఈ ఏడు పండగ లైబ్రరీ దగ్గర, పేర్లుండవు, మౌనం ఉంటుంది. ఆవిడ గౌరవార్థం మౌనం. చూడండి ఎంత మాటో. నేను ఒడ్డుకే వెళతానన్నాను. మా అమ్మాయి భయపడింది. "నాన్నా, మనం వీసాల మీద ఉన్నాం. ఊరివాళ్ళతో మనకెందుకు?" దాని భయం అబద్ధం కాదు. అయినా మా అన్న పేరు చెప్పే చోటు భూమ్మీద అదొక్కటే. నేను ఒక్కణ్ణే వెళ్ళి ఒక్కపేరే చెప్పి వస్తాలే అన్నాను.

ఆ రోజు లైబ్రరీ దగ్గర అకార్డియన్ మోగుతోంది, టోపీలు పంచుతున్నారు. నేను చూసీ చూడనట్టు దాటిపోయాను. ఒడ్డున చెప్పులు విప్పుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. మా అమ్మాయి, ఆఫీసు బూట్లతో, మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చింది. దాని వెనక చేపల కొట్టావిడ, ఆవిడ వెనక కాగితం పళ్ళేల్లో అట్లు పట్టుకుని ఇంకొందరు. ఆ వెనకాల ఆయాసపడుతూ కమిటీ పెద్దాయన.

ఇది ప్రోగ్రాంలో లేదమ్మా అన్నాడాయన, మర్యాదగానే. మా అమ్మాయి ఎవరికీ ఎదురు చెప్పే పిల్ల కాదు. మీటింగులో కూడా మాట్లాడడానికి జంకుతుంది. అది బూట్లు విప్పి ఇసకలో పెట్టి, "ప్రోగ్రాం మీరు అక్కడ చేసుకోండి అంకుల్. మేం ఇక్కడ పేర్లు చెబుతాం" అని నీళ్ళలోకి దిగింది. దిగి, తను ఎన్నడూ చూడని మనిషిని, ఊరంతా వినబడేట్టు పిలిచింది.

"మా పెద్దనాన్న. నూకరాజు."

కెరటం వచ్చింది, విరిగింది, పోయింది. అయ్యా, అమ్మా, నాకు అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా కలగలేదు. తర్వాత అక్కగారి దీవి పేర్లు. ఏళ్ళ తరబడి ఆవిడ పక్కన నిలబడీ నిలబడీ అవి మా అమ్మాయికి నోటికొచ్చేశాయి. అవీ అయ్యాయి. అప్పుడు చేపల కొట్టావిడ తన తమ్ముడి పేరు చెప్పింది. ఇంకెవరో తాతగారి పేరు. ఎవరూ అడగకుండానే పేర్లు వస్తూనే ఉన్నాయి, కెరటాలు వస్తూనే ఉన్నాయి.

తర్వాతి పేరు ఎవరు చెబుతారా అని వెనక్కి తిరిగాను. కమిటీ పెద్దాయన తడి ఇసకలో కూర్చుని మేజోళ్ళు విప్పుకుంటున్నాడు. ఒకటి వచ్చింది. రెండోది మడమ దగ్గర పట్టేసింది, ఒంటిచేత్తో లాగుతున్నాడు, రెండో చేత్తో మమ్మల్ని ఉండమన్నట్టు సైగ చేస్తున్నాడు. కెరటం ఆయన కోసం ఆగలేదు. మేం ఆగాం.